గృహవిజ్ఞానము: రాగిపలకకు కావలసిన సామగ్రి

ఈ శీర్షిక క్రింద మేము ఇదివరలో ఊరగాయలను చెడకుండ నిలువచేయుటనుగూర్చియు, పట్టుబట్టల మరకలు తీయుటనుగూర్చియు, పసిబిడ్డల పథ్యమునుగూర్చియు వ్రాసియున్నాము. ఈ మాసమున మేమెత్తుకొను విషయము పైకి ఇల్లాలి పనికి దూరముగా కనబడును. అయినను గుంటూరు, ప్రకాశము జిల్లాలలో బడికిగాని ఇంజినీరింగు కళాశాలకుగాని పోవు పిల్లలున్న యిండ్లలో ఇది నేడో రేపో ఎదురుకాగల విషయమే. ఒకనాటి సాయంకాలము కుమార్తె యింటికి వచ్చి, "అమ్మా, నాకొక రాగిపలకయు, కొంచెము ఫెర్రిక్ క్లోరైడును కావలెను. మన యూరిలో ఎక్కడ దొరకును?" అని యడుగును. తల్లికి ఆ పేరే క్రొత్త. అదేదో యాసిడు వంటిది, ఇంటిలోనికి రానీయవద్దని తండ్రి యనును. హైదరాబాదులో తప్ప దొరకదని పొరుగువారు చెప్పుదురు. అడిగినవాడు కొడుకైనచో స్నేహితునితో రైలెక్కి పోయి తెచ్చుకొనును. కూతురైనచో ఆ కోరిక ఆ పూటతోనే ముగియును. ఆ పిల్ల అడిగిన దేమో, అది ఎక్కడ దొరకునో, అందులో నిజముగా భయపడవలసిన దెంతయో తల్లికి తెలిసియున్నచో ఆ పని అట్లు ఆగిపోదు. అందులకే ఈ వ్యాసము.

మేము ముందుగానే చెప్పుచున్నాము: దీనికి దూరపు అంగడినుండి తప్పక తెప్పించవలసిన వస్తువు ఒక్కటే, రాగి రేకు అతికిన పలక. తక్కినవన్నియు మన యూరిలో, పెక్కు మన యింటిలోనే, ఉన్నవి. అయితే ఇంట నున్న వస్తువు గదాయని వంటపాత్రలతో కలిపితిమా, కీడు తప్పదు.

పలక యనగా నేమి?

రేడియోనుగాని, సెల్‌ఫోనునుగాని, మోటారు స్టార్టరునుగాని విప్పి చూచినచో లోపల ఆకుపచ్చనిదో గోధుమరంగుదో ఒక పలచని పలక కనబడును. దానిమీద చీమలబారులవలె సన్నని గీతలుండును. ఆ గీతలు రాగివి. పూర్వము రేడియో పెట్టెలలో ఒక భాగమునుండి మరియొక భాగమునకు తీగెలను చేతితో కలిపెడివారు. ఆ తీగెల చిక్కును చూచినవారికి పాతకాలపు మరమ్మతుదారు ఎంత శ్రమపడెడివాడో తెలియును. తీగెలకు మారుగా రాగి గీతలను పలకపైననే అచ్చువేయవచ్చునని చేసి చూపినవారిలో ముఖ్యుడు పాల్ ఐస్లరు అను ఇంజినీరు. ఈయన 1907లో వియన్నా నగరమున జన్మించెను. 1936లో లండను చేరి, అచటనే ఇట్టి పలకతో నొక రేడియోను తయారుచేసెను. 1943లో పేటెంటు హక్కులకు దరఖాస్తు పెట్టెను. రెండవ ప్రపంచయుద్ధమున విమానములను కూల్చు గుండ్లలోని ఫ్యూజులకు ఈ విధానము పనికివచ్చినది. యుద్ధానంతరము అది రేడియోలలోనికిని, పిమ్మట సమస్త యంత్రములలోనికిని వ్యాపించినది. దీనిని ఇంగ్లీషువారు ప్రింటెడ్ సర్క్యూటు బోర్డనిరి. మన పిల్లలు పీసీబీ యందురు.

దీని మర్మము మన ప్రాంతపు స్త్రీలకు క్రొత్తది కాదు. ఒకప్పుడు చీరాల తేలియా రుమాళ్లకు పేరుపొందియుండెను. నూలును నూనెతోను, ఆముదపు కాయల బూడిదతోను పదును చేసి, రంగు అంటకూడని చోటులను గట్టిగా కట్టి, రంగులో ముంచెడివారు. కట్టిన చోట రంగు అంటదు; విడిచిన చోట అంటును. రాగిపలక పనియు ఇట్టిదే. పలకనిండ రాగి రేకు ఉండును. మనకు గీత కావలసిన చోట రాగిని కప్పుదుము. తరువాత రాగిని తినివేయు ద్రవములో పలకను ముంచుదుము. కప్పని రాగి కరగిపోవును. కప్పిన రాగి గీతలై నిలుచును. అచట రంగు అంటుట, ఇచట రాగి పోవుట, భేద మంతమాత్రమే.

పలకను కొనుట

అంగడిలో అడుగవలసిన పేరు "సింగిల్ సైడు కాపర్ క్లాడు". అనగా ఒక ప్రక్కమాత్రము రాగి యున్న పలక. ఇందు రెండు జాతులున్నవి. కాగితమును రెసిన్‌తో అదిమి చేసినది గోధుమరంగున నుండును, వెల తక్కువ, చిన్న రంపపు బ్లేడుతో సులభముగా తెగును, బెజ్జములు వేయుటయు తేలిక. గాజునారతో చేసినది లేత పసుపుపచ్చగా, కొంచెము వెలుతురు కనబడునట్లుండును, గట్టిది, వేడికోర్చును, కాని కోయునప్పుడు రేగు దుమ్ములో గాజునార యుండును. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పిల్లలు మొదట నేర్చుకొనుటకు గోధుమరంగు పలకయే మేలు. సాధారణముగా పలక మందము 1.6 మిల్లీమీటర్లు, దానిపై రాగి మందము 35 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో 30వ వంతుకన్న కొంచెము ఎక్కువ.

ఎక్కడ అడుగవలెను? మొదట ఊరిలో టీవీలు, యాంప్లిఫయర్లు బాగుచేయువారిని అడుగవలెను. వారు భాగములు తెచ్చుకొను దుకాణము గుంటూరులోనో, ఒంగోలులోనో, విజయవాడలోనో తప్పక ఒకటుండును. దాని పేరు వారికే తెలియును. అచట లేనిచో హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీయు, చెన్నపట్నపు మౌంటురోడ్డు చేరువనున్న రిచీ వీధియు ఈ సరకులకు పేరుమోసినవి. ఒంగోలు వారికి చెన్నపట్నము రైలు తిన్నని దారి. గుంటూరు వారికి హైదరాబాదు అలవాటైన దారి. ఇంతదూరము పోనక్కరలేకయే ఇప్పుడు పలకలను పార్సెలులో తెప్పించుకొనుచున్నారు. పలక పొడి వస్తువు గనుక ఆ విధముగా తెప్పించుటలో చిక్కు లేదు. వచ్చిన పలకను కాగితములో చుట్టి దాచవలెను. వ్రేళ్ల చెమట తగిలినచో రాగి నల్లబడును.

పిల్ల చదువు బడిలో అటల్ టింకరింగు ప్రయోగశాల యున్నదేమో కూడ విచారింపవలెను. 6వ తరగతినుండి 12వ తరగతివరకు గల విద్యార్థులు ఇట్టి పనులు చేతితో నేర్చుకొనుటకై కేంద్రప్రభుత్వము 2016లో ఈ ప్రయోగశాలల పథకమును ప్రారంభించినది. అది యున్న బడిలో టంకపు కడ్డీయు, బరమాయు, చూపించు ఉపాధ్యాయుడును ఉందురు. ఉన్న ప్రయోగశాలకు తాళము వేసియుంచినచో తీయించుమని అడుగుట తల్లిదండ్రుల హక్కు.

రాగిని తిను ద్రవము

చిక్కంతయు దీనితోనే. సాధారణముగా వాడునది ఫెర్రిక్ క్లోరైడు. ఇది పసుపు కలిసిన గోధుమరంగు గడ్డలుగానో, చిక్కని కషాయము వంటి ద్రవముగానో దొరకును. ఇది లోహములను తినునది గనుక తపాలావారు పార్సెలులో స్వీకరింపరు. విమానములో పంపుటకు కఠిన నిబంధనలున్నవి. కావున ఈ వస్తువునుమాత్రము దగ్గరలోనే వెదకుట మంచిది. కళాశాలల ప్రయోగశాలలకు రసాయనములు సరఫరాచేయు దుకాణములలో ఇది దొరకును. నీటిని శుద్ధిచేయుటలో దీనిని వాడుదురు గనుక ఆ వ్యాపారస్థులవద్దను ఉండును. లోహపు పేరుపలకలు చెక్కువారికిని ఇది తెలిసిన వస్తువే.

మరియొక సంగతి చెప్పిన మా పాఠకురాండ్రకు ఆశ్చర్యము కలుగవచ్చును. పాతకాలపు పత్రికలలో ఛాయాచిత్రములు అచ్చువేయుటకు రాగి బ్లాకులుండెడివి. ఆ రాగిపై బొమ్మను చుక్కలుగా నిలిపి, తక్కిన రాగిని తినిపించుటకు వాడినది ఈ ఫెర్రిక్ క్లోరైడే. దేశనాయకుల చిత్రములను, నటీమణుల చిత్రములను మన అవ్వలు ఏ పత్రికలలో చూచి మురిసిరో, ఆ చిత్రముల వెనుక నున్నది ఈ గోధుమరంగు నీరే. అచ్చు యంత్రములు మారి బ్లాకులు పోయినవి. ఆ విద్య ఇప్పుడు పిల్లల చేతిపలకలలో మిగిలినది.

ఫెర్రిక్ క్లోరైడు గడ్డలు దొరకినచో, అరలీటరు నీటికి సుమారు 250 గ్రాముల చొప్పున కలుపుకొనవచ్చును. ముందు ప్లాస్టిక్ పాత్రలో నీరు పోసి, ఆ నీటిలో గడ్డలను కొద్దికొద్దిగా వేయవలెను. గడ్డలమీద నీరు పోయరాదు. తేమలేని పొడి రకమైనచో నీటిలో పడినంతనే మిక్కిలి వేడి పుట్టి ఘాటైన పొగ వచ్చును. అట్టి రకమును ఇంటికి తేకుండుటే మంచిది. దుకాణములో కొనునప్పుడే అడిగి తెలిసికొనవలెను.

వంటింటి సరకుతో మరియొక మార్గము

ఫెర్రిక్ క్లోరైడు దొరకనివారు నిరాశపడ నక్కరలేదు. కిరాణా దుకాణములోని నిమ్మ ఉప్పు, మందుల దుకాణములోని హైడ్రోజను పెరాక్సైడు, మన వంటింటి ఉప్పు, ఈ మూడును చాలును. కొలత ఇది: 3 శాతపు పెరాక్సైడు 100 మిల్లీలీటర్లు, నిమ్మ ఉప్పు 30 గ్రాములు, ఉప్పు 5 గ్రాములు. మందుల దుకాణములో సీసామీద 6 శాతమని యున్నచో దానికి సమముగా నీరు కలిపి 3 శాతమునకు తెచ్చుకొనవలెను. పెరాక్సైడు రాగిని పట్టి దానిని మార్చును. నిమ్మ ఉప్పు మారిన రాగిని కరగించి నీటిలోనికి తీసికొనును. ఉప్పు ఆ పనిని త్వరపెట్టును. ద్రవము క్రమముగా నీలము కలిసిన ఆకుపచ్చరంగునకు తిరుగును. దాని రంగే కరగిన రాగికి గుర్తు.

ఇందులో మేలేమనగా, కావలసినంత అప్పటికప్పుడు కలుపుకొనవచ్చును. లోపమేమనగా, కలిపినది నిలువయుండదు. పెరాక్సైడునుండి వాయువు వెలువడుచుండును గనుక దీనిని సీసాలో పోసి మూత బిగించిన సీసా పగులును. మూతలేని పాత్రలోనే వాడి, ఆ పూటతోనే ముగింపవలెను.

మరుగుదొడ్లు కడుగుటకు అమ్ము యాసిడుతో పెరాక్సైడును కలిపి ఈ పని త్వరగా చేయుదురని పిల్లలు ఎక్కడనో చదివి చెప్పుదురు. పని త్వరగా జరుగుమాట నిజమే. కాని ఆ మిశ్రమమునుండి క్లోరిను వాయువు వెలువడును. అది కండ్లను, గొంతును, ఊపిరితిత్తులను గాయపరచును. ఇంటిలో ఆ పని ఎంతమాత్రము చేయనీయరాదు.

కప్పుటకు కావలసినవి

రాగిని కప్పుటకు మన యిండ్లలోనే మూడు సాధనములున్నవి. మొదటిది చెరగని సిరాగల పర్మనెంటు మార్కరు. దీనితో రెండు మూడు పూతలు గీసిన చాలును. రెండవది గోళ్ల రంగు. సన్నని కుంచెతో వెడల్పు గీతలను దీనితో నింపవచ్చును. మూడవది జిరాక్సు. జిరాక్సు యంత్రములోను, లేజరు ప్రింటరులోను ఉండు నల్లపొడి సిరా కాదు. అది వేడికి కరగు ఒక విధమైన ప్లాస్టిక్. సన్నని గీతలు గల చిత్రమును నున్నని కాగితముపై అచ్చువేయించి, ఆ ముఖము రాగిపై బోర్లించి, ఇస్త్రీ పెట్టెతో అదిమిన పొడి కరగి రాగికి పట్టుకొనును. పెట్టె వేడి పత్తి బట్టలకు పెట్టునంత పెట్టవలెను. నీటి ఆవిరి వాడరాదు. పిమ్మట పలకను నీటిలో నానవేసి, కాగితమును వ్రేలితో మెల్లగా రుద్ది తీసివేయవలెను. బోర్లించునప్పుడు బొమ్మ తారుమారగును గనుక అచ్చు అద్దములో కనబడునట్లుగా వేయించవలెను.

ఆ నున్నని కాగితమునకై వేరుగా ధనము వెచ్చింపనక్కరలేదు. పాత పత్రికల మెరుగు కాగితము దీనికి చక్కగా పనికివచ్చును. చదివిన సంచికలను పచారీకొట్టునకు వేయుటకు బదులు నాలుగు పుటలు దాచినయెడల మాకును సంతోషమే. అయితే యంత్రము పాడగునను భయముతో కొందరు జిరాక్సు దుకాణదారులు ఇట్టి కాగితమును ఒప్పుకొనరు. దానిని మామూలు కాగితముపై అంచులవెంట సమముగా అతికించి, ముడుతలు లేకుండ ఇచ్చినచో ఒప్పుకొనవచ్చును. ఇంకు చిమ్ము ప్రింటరు అచ్చు దీనికి పనికిరాదు.

ఇవికాక, రాగిని మెరుగుపెట్టుటకు అంట్లు తోము పీచును, తుదిలో మార్కరునుగాని నల్లపొడినిగాని తుడుచుటకు గోళ్ల రంగు తీయు ఎసిటోనును, దూదియు కావలెను. బెజ్జములకు 0.8, 1 మిల్లీమీటరు బరమా ముల్లులు అదే దుకాణములో దొరకును. వాటిని చేతితో త్రిప్పు చిన్న పిడితో వాడినను సరిపోవును.

కళ్లమునకొక కాపలా

చెప్పినదంతయు దేనికని యడుగుదురేమో. ఒక చిన్న పనిని చూపుదుము. మన జిల్లాలలో మాఘ ఫాల్గునములనుండి వేసవివరకు మిరపకాయలు కళ్లములలో ఆరుచుండును. పచ్చిగా కోసిన కాయలో నీరే హెచ్చు. దానిని సుమారు 10 శాతమునకు దించినగాని నిలువకు పనికిరాదు. ఆరునంతలో అకాలవర్షము వచ్చి తడిసెనా, కాయ రంగు చెడును, బూజు పట్టును. బూజులలో కొన్నిటివలన అఫ్లటాక్సిను అను విషము పుట్టును. అట్టి సరకు ధర పడిపోవుటయేగాక తినువారికి హాని. ఏడాదిపొడుగునను పెట్టిన పెట్టుబడి, కూలి, అప్పు అన్నియు ఆ కళ్లముమీద పరచియుండును. రాత్రి రెండు జాములవేళ నాలుగు చినుకులు పడినప్పుడు నిద్రలో నున్నవారికి తెలియదు. మేల్కొని పట్టాలు కప్పుటకు చాలు వ్యవధి దొరకిన పంట దక్కును.

ఆ చినుకును కనిపెట్టు పలకను మార్కరుతోనే గీయవచ్చును. 5 సెంటీమీటర్ల చదరపు పలకపై రెండు దువ్వెనలను ఎదురెదురుగా, ఒకదాని పండ్లు మరియొకదాని పండ్ల నడుమ ఉండునట్లు గీయవలెను. పండ్ల వెడల్పును, నడుమ ఖాళీయు ఒకటిన్నర మిల్లీమీటరు ఉండిన చాలును. రెండు దువ్వెనలు ఎక్కడను తగులరాదు. ముగ్గు పెట్టు చేతికి ఇది కష్టము కాదు. పొడి పలకపై విద్యుత్తు ఒక దువ్వెననుండి మరియొకదానికి పోదు. చినుకు పడినంతనే ఆ నీరు వంతెనయై కొంచెము విద్యుత్తును దాటించును.

ఆ కొంచెమును పెద్దదిగాచేసి బజరును మ్రోగించుటకు బీసీ 547 అను చిన్న ట్రాన్సిస్టరు చాలును. 9 వోల్టుల బ్యాటరీ ధనపు కొసను ఒక దువ్వెనకు కలుపవలెను. రెండవ దువ్వెననుండి 10 కిలోఓముల రెసిస్టరు ద్వారా ట్రాన్సిస్టరు బేసునకు కలుపవలెను. ఎమిటరును బ్యాటరీ ఋణపు కొసకు కలుపవలెను. బ్యాటరీ ధనపు కొసనుండి బజరు ధనపు తీగెకును, బజరు రెండవ తీగెనుండి కలెక్టరునకును కలుపవలెను. బజరు బ్యాటరీతో తనంతట మ్రోగు పీజో రకమై యుండవలెను. దువ్వెన పలకను కళ్లపు గట్టున కొంచెము ఏటవాలుగా నిలిపి, పొడుగు తీగెతో బజరును మంచముకడకు తెచ్చుకొనవలెను. ఏటవాలుగా ఉండిన నీరు జారిపోయి పలక త్వరగా ఆరును. మంచు దట్టముగా కురిసినను ఇది మ్రోగవచ్చును. కాయలకు మంచును చెరుపే గనుక అదియు వ్యర్థము కాదు.

దువ్వెన రాగిని ఊరక వదలిన తడికి చిలుము పట్టి కొలదిదినములలో చెడును. దానిపై పలచగా టంకము పూయవలెను. ఇది ఇత్తడి గిన్నెలకు కళాయి పూయుటవంటిదే. టంకములోను ముఖ్యముగా నున్నది తగరమే. కళాయివాడు నవసాగరము చల్లును. ఈ పలకలకుమాత్రము నవసాగరము పనికిరాదు. అది రాగిని చెరుచును. టంకపు తీగెలోపలనే యుండు రోజినమే చాలును.

చేయు క్రమము

పలకను పీచుతో తోమి, కడిగి, ఆరబెట్టి, వ్రేళ్లు తగులకుండ గీయవలెను. గీతలారిన పిమ్మట పలకను ద్రవములో నుంచి పాత్రను మెల్లగా ఊపుచుండవలెను. ఫెర్రిక్ క్లోరైడుతో ఇది సాధారణముగా 10 నిమిషములనుండి అరగంటలో ముగియును. పాత్రను గోరువెచ్చని నీటి తొట్టెలో నిలిపిన ఇంకను త్వరపడును. పొయ్యిమీద పెట్టి కాచరాదు. నడుమ నడుమ చూచుచు, ఖాళీలలో రాగి కనబడనంతనే తీసి కడుగవలెను. ఆలసించిన ద్రవము గీతల అంచులను కూడ కొరుకును.

జాగ్రత్తలు

ఇదంతయు వంటింటిలో చేయరాదు. పెరటిలోనో, గాలి వీచు వసారాలోనో పాత కాగితములు పరచి చేయవలెను. ప్లాస్టిక్ డబ్బానో గాజు పాత్రనో వాడవలెను. స్టీలు గిన్నెలను, అల్యూమినియపు గిన్నెలను ఫెర్రిక్ క్లోరైడు తినివేయును. ఒకసారి వాడిన డబ్బాను తిరిగి తిండికి వాడరాదు. దానిపై గుర్తు వ్రాసి వేరుగా నుంచవలెను. రబ్బరు చేతితొడుగులు, కంటి అద్దములు తప్పవు. బట్టపై పడిన మరక ఉతికినను పోదు. పాతబట్ట కట్టుకొని చేయుట మేలు. కంటిలో పడిన వెంటనే 15 నిమిషములు ధారగా మంచినీటితో కడిగి వైద్యునికడకు పోవలెను. మ్రింగినచో వాంతి చేయింపక ఆసుపత్రికి చేర్పవలెను.

అన్నిటికంటె ముఖ్యము: మిగిలిన ద్రవమును నీళ్ల సీసాలోగాని, షోడా సీసాలోగాని పోసి దాచరాదు. దాహముగొన్న బిడ్డ చేతికి ఏ సీసా అయినను మంచినీళ్ల సీసాయే. వేరు ప్లాస్టిక్ సీసాలో పోసి, పెద్ద అక్షరములతో పేరు వ్రాసి, పిల్లలకందని చోట తాళము వేయవలెను. టంకములో సీసపు లోహము కలిసియుండుట కలదు. ఆ పని ముగియగానే చేతులు సబ్బుతో కడుగక ఏమియు తినరాదు. కడుపుతో నున్నవారును, పసిబిడ్డలును ఆ దగ్గర ఉండరాదు.

వాడిన నీటి సంగతి

పనియైన పిమ్మట రంగుమారిన నీటిని కాలువలో పోయుట సులభము. కాని అందులో కరగినది రాగి. మైలుతుత్తము బలమెంతయో సేద్యగాండ్ర యిండ్లవారికి చెప్పనక్కరలేదు. తెగుళ్లకు కొట్టు ఆ మందులో నున్నదియు రాగియే. అది చేపలకును, మట్టిలోని సూక్ష్మజీవులకును విషము. మన ఊళ్ల కాలువలు చెరువులకే పోవును. ఫెర్రిక్ క్లోరైడు ఒకమారుతో పనికిరాకపోవునది కాదు; దానిని పలుమారులు వాడవచ్చును. బొత్తిగా శక్తి ఉడిగిన పిమ్మట అందులో ఇనుప పీచు వేసి రెండు మూడు దినములుంచిన కరగిన రాగి ఎర్రని మడ్డియై విడివడును. తరువాత చాకలి సోడాను కొంచెము కొంచెముగా వేయవలెను. పొంగు వచ్చును గనుక తొందరపడరాదు. పొంగు ఆగువరకు వేసి నిలువనిచ్చిన మడ్డి అడుగునకు దిగును. నిమ్మ ఉప్పు ద్రవము ఈ విధముగా తేలికగా విడువదు. దానిని వెడల్పు ప్లాస్టిక్ పళ్లెరములో ఎండలో ఇంకించిన మడ్డి మిగులును. ఈ మడ్డిని కొంచెము సిమెంటుతో కలిపి గట్టిపడనిచ్చి, పురపాలక సంఘపు చెత్త బండివారికి ప్రమాదకరపు చెత్తయని చెప్పి వేరుగా ఇయ్యవలెను. మన పెరటి బావినిగూర్చి ఎంత శ్రద్ధ వహింతుమో పొరుగువారి చెరువునుగూర్చియు అంతే వహింపవలెను గదా.

ఇంత పూనిక లేనివారు మొదట గుల్ల పలకను కొనుట మంచిది. బజారులో "జీరో బోర్డు" అని అడిగిన, బెజ్జములు వేసి ప్రతి బెజ్జము చుట్టును రాగి చుక్క యున్న పలక ఇత్తురు. దానిలో భాగములు గ్రుచ్చి తీగెలతో టంకము వేసినచో ద్రవముతో పనియే లేదు. చేయి కుదిరినపిమ్మట రాగిపలకకు పోవచ్చును. చిత్రమును కంప్యూటరుతో గీసి పంపిన పలకను చేసి యిచ్చు కర్మాగారములును నేడున్నవి. వాటివలె నేర్పుగా ఇంటిలో చేయలేము. అయినను, తన చేతితో రాగిని గీసి, అది కరగుట కన్నులార చూచిన పిల్లకు పలక లోపలి సంగతి తెలిసినట్లు, కర్మాగారపు పొట్లము విప్పిన పిల్లకు తెలియదు.

మా సోదరీమణులకు మేము చెప్పున దొక్కటే. కుమార్తె ఫెర్రిక్ క్లోరైడు అడిగినప్పుడు వెంటనే వలదనకుడు. వెంటనే సరే యనియు అనకుడు. ఏమి చేయదలచితివో, ఎక్కడ చేయుదువో, మిగిలిన నీటిని ఏమి చేయుదువో చెప్పుమని అడుగుడు. ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పగల పిల్లకు ఒక వేరు పెట్టె ఇచ్చి, దానిలో తొడుగులు, డబ్బా, మార్కరు, పీచు, కంటి అద్దములు ఉంచి, తాళపుచెవి మీ కొంగున కట్టుకొనుడు. మొదటిమారు మీరును ప్రక్కన కూర్చుండి ఆ రాగి కరగుట చూడుడు.